పైపైన కట్టిన కట్టు: యిర్మీయాతో మా గురువారాలు



ఈ సంచికకు షుగర్ వ్యాధి గురించో రక్తహీనత గురించో రాసి ఇమ్మని సంపాదకులు అడిగారు. షుగర్ మాట ఇందులోనూ కొంత వస్తుంది. కానీ గత ఏడాదిన్నరగా ప్రతి గురువారం సాయంత్రం మేము కొందరం కలిసి చదువుతున్న ఒక గ్రంథం గురించి చెప్పాలని ఉంది. చాపెల్ పక్క గదిలో లైటు వెలుగుతుండడం చూసి "సిస్టరమ్మలు ఏం మీటింగు పెట్టుకున్నారమ్మా?" అని అడిగిన పేషెంట్లు చాలామంది ఉన్నారు. మీటింగు కాదు. యిర్మీయా గ్రంథం చదువుకుంటున్నాము.

2024 జూన్‌లో పదకొండుమందితో మొదలైంది. నర్సులం ఏడుగురం, ల్యాబులో పనిచేసే అబ్బాయి, ఆసుపత్రి వంటశాలలో పనిచేసే అమ్మ, క్యాషు కౌంటరు దగ్గర కూర్చునే అన్నయ్య, వీలైనప్పుడు పాస్టరు గారు. పగటి డ్యూటీ దిగినవాళ్ళు టీ తాగి వస్తారు. నైట్ డ్యూటీకి ఎక్కవలసినవాళ్ళు యూనిఫారంలోనే వచ్చి, ఎనిమిదికి పది నిమిషాలు ఉండగానే లేచిపోతారు. మధ్యలో ఎవరికో ఫోను వస్తుంది, లేబర్ రూములో మనిషి కావాలంటారు. ఇలాగే సాగింది.

అసలు యిర్మీయాను ఎంచుకున్నది మేము కాదు, వంటశాల అమ్మ. ఒకరు కీర్తనలు అన్నారు, ఒకరు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక అన్నారు. ఆమె మాత్రం గోడమీద క్యాలెండరు చూపించి, "ప్రతి ఏడాదీ ఏదో ఒక క్యాలెండరు మీద ఈ వాక్యమే వస్తుంది కదమ్మా, దీనికి ముందేముందో వెనకేముందో ఒక్కసారైనా చూడొద్దా?" అంది. అది 29వ అధ్యాయం 11వ వచనం. దేవుని ఉద్దేశాలు మనకు మేలు కలిగించేవే గాని కీడు కలిగించేవి కావనే మాట. మాలో ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడి చెబుతున్నవారు ఉన్నారు. అయినా ఆ వచనము, కుమ్మరి ఇల్లు తప్ప మిగిలిన గ్రంథం వరుసగా చదివినవారు ఒక్కరూ లేరు. సిగ్గుపడి ఒప్పుకున్నాము.

మొదటి నెల చాలా కష్టమైంది. 52 అధ్యాయాలు, అవి కూడా జరిగిన వరుసలో ఉండవు. 21వ అధ్యాయంలో సిద్కియా రాజు ఉంటాడు, 25కు వస్తే అంతకు ముందటి యెహోయాకీము కాలానికి వెనక్కి వెళ్ళిపోతాము, 36లో మళ్ళీ యెహోయాకీము. యెహోయాకీము తండ్రీ, యెహోయాకీను కొడుకూ అయ్యేసరికి సగంమందికి తల తిరిగింది. అప్పుడు ఒక జూనియర్ సిస్టరు మంచి ఉపాయం చెప్పింది. ఒకే వార్డులో ఒకే పేరుగల ఇద్దరు పేషెంట్లు ఉంటే మేము కేస్ షీటు మీద ఎర్ర సిరాతో గుర్తు పెడతాము, మందు మారిపోకుండా. అలాగే పాత టెంపరేచర్ చార్టు ఒకటి తిరగేసి, గళ్ళలో రాజుల పేర్లు రాసి, కొడుకు పేరు ఎర్రగా రాశాము. ఆ చార్టు ఇప్పటికీ ఆ గది గోడమీదే ఉంది.

ఆ చార్టు ప్రకారం సంగతి క్లుప్తంగా ఇది. యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న అనాతోతు అనే ఊరిలో యాజకుల కుటుంబంలో పుట్టిన యిర్మీయాకు, యోషీయా రాజు ఏలుబడి 13వ ఏట, అంటే క్రీ.పూ. 627 ప్రాంతంలో, పిలుపు వచ్చింది. చిన్నవాడినని, మాట్లాడడం రాదని తప్పించుకోబోయాడు, కుదరలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఒకే చేదు మాట చెప్పవలసి వచ్చింది. బబులోను రాజు వస్తాడు, పట్టణం నిలవదు. క్రీ.పూ. 597లో మొదటి గుంపు చెరపట్టబడింది. 587లోనో 586లోనో పట్టణము, దేవాలయము కాలిపోయాయి. చెప్పినదంతా జరిగింది, అయినా చెప్పిన మనిషిని ఎవరూ మెచ్చుకోలేదు. పెళ్ళి చేసుకోవద్దన్న ఆజ్ఞ వల్ల ఇంట్లో కూడా తోడు లేదు.

ఇదంతా కథేమో అనుకునే పిల్లలకోసం ఒక మాట. లాకీషు అనే కోట శిథిలాలలో 1935లో సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. బబులోను దండు మీదికి వస్తున్న రోజులలో సైనికులు రాసుకున్న ఉత్తరాలవి. ఒక దానిలో అజేకా నుండి రావలసిన సైగ మంటలు కనబడడం లేదని ఉంది. యూదాలో మిగిలిన కోటలు లాకీషు, అజేకా మాత్రమే అని యిర్మీయా 34వ అధ్యాయం చెబుతుంది. 2007లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో మైకేల్ యుర్సా అనే పండితుడు ఒక చిన్న మట్టిపలక చదివి, 39వ అధ్యాయంలో వచ్చే శర్సెకీము అనే బబులోను అధికారి పేరు అందులో గుర్తుపట్టాడు. గుడికి బంగారం ఇచ్చినందుకు రాసిన రసీదు అది. మా క్యాషు కౌంటరు అన్నయ్యకు మొత్తం గ్రంథంలో బాగా నచ్చిన సంగతి ఇదే! "రసీదులు ఊరికే పారేయకూడదని ఇందుకే చెబుతాను" అన్నాడు.

పైపైన మాన్పిన గాయం

మేము మొదట ఆగిపోయినది 6వ అధ్యాయం దగ్గర. పెద్దలు, ప్రవక్తలు జనుల గాయాన్ని పైపైన మాన్పుతున్నారని, క్షేమం లేని చోట క్షేమం క్షేమం అంటున్నారని అక్కడ ఉంది. రెండు అధ్యాయాలు దాటగానే అదే మాట మళ్ళీ 8లో వస్తుంది. వేరేవాళ్ళకు ఇది ప్రసంగంలా వినబడుతుందేమో. సర్జికల్ వార్డులో పనిచేసినవాళ్ళకు అలా వినబడదు. ఆ సాయంత్రం కాసేపు ఎవరమూ మాట్లాడలేదు, ఎందుకంటే మాలో కొందరికి ఒకే మనిషి గుర్తుకొచ్చాడు.

కొన్నేళ్ళ క్రితం సంగతి. షుగర్ ఉన్న ఒక పెద్దాయన అరికాలి పుండుతో చేరాడు. కొన్ని రోజుల డ్రెస్సింగుల తర్వాత పైన చర్మం దగ్గరపడింది. ఆయనకు ఇంటికి వెళ్ళాలని తొందర, వరినాట్ల కాలం. వార్డు నిండిపోయి ఉంది, మాకూ మంచం కావాలి. పుండు అడుగున మెత్తగా, కొంచెం వెచ్చగా ఉన్నట్టు చేతికి తెలిసింది. తెలిసినా డాక్టరు గారికి గట్టిగా చెప్పలేదు. "మానిపోతోంది తాతా, ఏం ఫర్వాలేదు" అన్నాము. ఆయన దండం పెట్టి వెళ్ళాడు. పన్నెండు రోజులకు చలిజ్వరంతో తెచ్చారు. లోపల చీము ఎముక దాకా పాకింది. మోకాలి కింద నుండి కాలు తీయవలసి వచ్చింది.

లోతైన పుండు అడుగు నుండి నిండుకుంటూ పైకి రావాలి. ఎర్రటి కొత్త కండ కింద నుండి పెరగాలి. అందుకే చీము తీసిన గోతిని కుట్టి మూసేయకుండా, గాజుగుడ్డ పెట్టి, తెరిచి ఉంచుతాము. పేషెంట్లకు అది నచ్చదు. "ఇంకా తెరిచే ఉంచారేమిటమ్మా, మూసేయండి" అంటారు. పైన మూసుకుపోతే చూడడానికి బాగుంటుంది, లోపల చీము దాని పని అది చేసుకుపోతుంది. షుగర్ ఉన్నవారికి ఇంకో ప్రమాదం, నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. నొప్పి లేదంటే బాగుందని కాదు. ప్రతి రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్ళూ చూసుకోండి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకోండి, లేదా మనవడినో మనవరాలినో చూడమనండి. చెప్పులు లేకుండా ఇంట్లో కూడా తిరగవద్దు, ఆనెలు బ్లేడుతో కోసుకోవద్దు. పుండు నల్లబడినా, వాసన వచ్చినా, చుట్టూ ఎర్రబడి వెచ్చగా ఉన్నా ఆ రోజే రండి. పంట పని అయ్యాక వద్దామనుకోవద్దు.

8వ అధ్యాయం చివర ప్రవక్త అడిగే ప్రశ్న అందరికీ తెలిసినదే. గిలాదులో గుగ్గిలం లేదా, వైద్యుడు లేడా, మరి నా జనులకు స్వస్థత ఎందుకు రాలేదు అని. గిలాదు యొర్దానుకు తూర్పున ఉన్న కొండప్రాంతం, అక్కడి చెట్లజిగురు మందుగా పేరుపడింది. మన తెలుగు బైబిలులో గుగ్గిలం అని ఉండేసరికి వంటశాల అమ్మ వెంటనే బాలింత గదిలో వేసే పొగ సంగతి ఎత్తింది. ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాము. పుట్టిన బిడ్డ ఉన్న గదిలో గుగ్గిలం గాని సాంబ్రాణి గాని ఏ పొగా వేయకండి. ఆ చిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేవు. యిర్మీయా అడిగినది ఆ పొగ గురించి కాదు!

అసలు ఆ ప్రశ్నలో మమ్మల్ని తాకినది వేరే. మందు ఉంది, వైద్యుడూ ఉన్నాడు, అయినా జబ్బు మానలేదు. ఎందుకంటే జబ్బు ఉందని ఎవరూ ఒప్పుకోలేదు. మా ఓపీలో ఇది వారానికి రెండు మూడుసార్లు చూస్తాము.

రెండేళ్ళలో అంతా బాగవుతుందన్న హనన్యా

చలికాలం వచ్చేసరికి మేము 27, 28 అధ్యాయాలకు చేరాము. అప్పటికి మాలో ఒక సీనియర్ సిస్టరు ఇంట్లో కష్టం మొదలైంది. ఆమె మాతో 26 ఏళ్ళుగా పనిచేస్తోంది. భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కాలేయం గట్టిపడిపోయి పొట్టలో నీరు చేరింది, కాళ్ళు ఉబ్బాయి, ఒకసారి రక్తపు వాంతి కూడా అయింది. పట్నంలో పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆయన వయసు, గుండె బలహీనత చూసి కాలేయ మార్పిడి పనికిరాదన్నారు. ఆ రిపోర్టులు చదవడం ఆమెకు వచ్చు. ఆయనకు మాత్రం చెప్పలేదు. బంధువులు చెప్పనివ్వలేదు. ఇంటికి ప్రార్థనకు వచ్చిన కొందరు సహోదరులు, ఈస్టరు నాటికి లేచి గుడికి నడిచి వస్తావని గట్టిగా చెప్పి వెళ్ళారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ప్రేమతోనే చెప్పారు.

28వ అధ్యాయంలో యిర్మీయా మెడమీద కాడి వేసుకొని దేవాలయంలో నిలబడి ఉంటాడు. హనన్యా అనే ప్రవక్త వచ్చి, రెండేళ్ళలో చెరపోయినవారందరూ తిరిగి వస్తారని చెప్పి, ఆ కాడి తీసి అందరి ముందూ విరిచేస్తాడు. జనమంతా ఎంత సంతోషపడి ఉంటారో! యిర్మీయా ఏమన్నాడో చూడండి. ముందు ఆమేన్ అన్నాడు, అలాగే జరిగితే బాగుండును అన్నాడు. అతనికీ అదే కావాలి. ఊరు కాలిపోవాలని ఎవరు కోరుకుంటారు? కానీ కోరుకున్నంత మాత్రాన అది నిజం కాదు. తర్వాత వచ్చిన మాట, కొయ్యకాడి విరిచారు, ఇనుపకాడి వస్తుందని.

చదవడం పూర్తయ్యాక ఆ సిస్టరు పుస్తకం మూసి, "నాకు హనన్యా మాటే వినాలని ఉంది. పాపమా?" అని అడిగింది.

మాలో ఒకరు దేవునికి అసాధ్యమైనది లేదన్నారు. ఒకరు ఊరుకోండి, ఆమెను ఇబ్బంది పెట్టవద్దన్నారు. ల్యాబు అబ్బాయి చిన్నవాడు, "మరి ఆయన రక్తపరీక్షలు చేసింది నేనే కదక్కా" అని తల వంచుకున్నాడు. పాస్టరు గారు ఆ రోజు రాలేదు. పెద్దవాళ్ళం కాబట్టి మేము ఏదో ఒకటి చెప్పాలి, ఏమీ తోచలేదు. ప్రార్థన చేసి లేచాము, అదీ పొడి పొడిగానే సాగింది. బయటకు వచ్చాక వరండాలో ఆమె మళ్ళీ అంది: "వార్డులో మనం రోజూ చెప్పేదీ హనన్యా మాటే కదా సిస్టర్." ఆ మాట మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది.

నిజమే. సెలైను పెడుతూ, ఇంజెక్షను ఇస్తూ, ఏం ఫర్వాలేదు, తగ్గిపోతుంది, రేపటికి లేచి కూర్చుంటారు అనడం మా నోటికి అలవాటు. చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. నిజం కానప్పుడు ఏం చేయాలో మాకు ఎవరూ సరిగా నేర్పలేదు. డిప్లొమా చదివిన రోజుల్లో పేషెంటుకు జబ్బు పేరు చెప్పడం నర్సు పని కాదని మాత్రం నేర్పారు. అది ఇప్పటికీ సరైనదే, చెప్పవలసింది డాక్టరు గారు. కానీ డాక్టరు గారు చెప్పి వెళ్ళిపోయాక ఆ మంచం పక్కన మిగిలేది మేమే. అప్పుడు ఏమీ వినబడనట్టు దిండు సర్దేసి వచ్చామంటే, అది కూడా పైపైన కట్టిన కట్టే.

తర్వాతి గురువారం 29వ అధ్యాయం. క్యాలెండరు వచనం ఉన్న అధ్యాయం ఇదే, వంటశాల అమ్మ ఆరు నెలలుగా ఎదురుచూస్తున్నది ఇదే. చదివితే అది ఒక ఉత్తరం. బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా రాసి పంపినది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసి వాటి పంట తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరు ఉన్న ఆ పట్టణం బాగుకోసం ప్రార్థన చేయండి అని ఉంది. శత్రువుల పట్టణం కోసం! ఆ తర్వాత 10వ వచనంలో 70 సంవత్సరాలు అని ఉంది. దాని వెంటనే 11.

70 సంవత్సరాలు. క్యాషు కౌంటరు అన్నయ్య లెక్కవేసి చెప్పాడు, ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో ఎవరూ తిరిగి వెళ్ళి ఉండరని. అయినా ఆ మేలు మాట వాళ్ళకే చెప్పబడింది. ఇంటికి వెళ్ళకుండానే పోయేవాళ్ళకు. ఆ సంగతి తెలిశాక గోడమీద క్యాలెండరు వైపు అందరం ఒకసారి చూశాము. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లికి గత సంవత్సరం ఆ వచనం ఉన్న ఫ్రేము తీసుకువెళ్ళి ఇచ్చాము, ఆమె తీసుకొని గోడవైపు తిప్పి పెట్టింది. అప్పుడు మనసు నొచ్చుకున్నాము. ఇప్పుడు ఆమె మీద కోపం లేదు.

సీనియర్ సిస్టరు ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులకు డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి, "మా ఆయనకు మీరు చెప్పండి, నేను పక్కనే ఉంటాను" అని అడిగింది. డాక్టరు గారు కుర్చీ లాక్కొని మంచం పక్కన కూర్చొని నెమ్మదిగా చెప్పారు. నయం కాదని, కానీ నొప్పి లేకుండా, ఆయాసం లేకుండా చూసుకోగలమని. ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత భార్యతో, "ఆఖరి స్టాపు ఏదో చెబితేనే కదా టిక్కెట్టు కొట్టేది, ఇన్నాళ్ళూ చెప్పరేంటి?" అన్నారు. ఆమె అప్పుడు ఏడ్చింది, మా ముందు మొదటిసారి.

ముట్టడి మధ్యలో పొలం కొన్న మనిషి

32వ అధ్యాయం చదివే రోజుకు ఆయన ఇంట్లోనే మంచం మీద ఉన్నారు. ఈ అధ్యాయం గురించి ఎంత చెప్పినా తక్కువే. బబులోను దండు పట్టణం చుట్టూ దిగి ఉంది. యిర్మీయా చెరసాల ప్రాకారంలో బందీ. అలాంటప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొనుక్కో, విడిపించుకునే హక్కు నీదే అంటాడు. ఆ పొలం అప్పటికే శత్రువుల చేతిలో ఉన్నట్టే. మా క్యాషు కౌంటరు అన్నయ్య అయితే, మతి ఉన్నవాడెవడూ కొనడన్నాడు. యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. ఇప్పటి లెక్కలో సుమారు 200 గ్రాములు. ఆ పట్టణం పోతుందని నలభై ఏళ్ళు చెప్పినవాడే అక్కడ పొలం కొన్నాడు. సాక్షులచేత సంతకాలు పెట్టించి, ముద్రవేసిన పత్రము, తెరిచి ఉంచిన పత్రము రెండూ బారూకు చేతికిచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ కొంటారని చెప్పి. తను చూడబోడని తెలిసే చేశాడు.

ఆ కండక్టరు గారు నిజం తెలిసిన తర్వాత ఏం చేశారో ఆమె చెబితే తెలిసింది. ఇంటి కాగితాలు తీయించి ఇద్దరు ఆడపిల్లల పేరట సరిగా రాయించారు. తమ్ముడితో పదేళ్ళుగా మాటలు లేవు, కబురుపెట్టి పిలిపించారు. పెరట్లో ఒక మామిడి మొక్క నాటించారు, కాయడానికి నాలుగైదేళ్ళు పడుతుందని ఎవరో అంటే, తెలుసు అన్నారు. బల్లమీద కూర్చోబెట్టి ఆమెకు బ్యాంకు పనులు, పెన్షను పనులు నేర్పారు. ఇవన్నీ ఏడు వారాలలో అయ్యాయి. నిజం చెప్పకపోయి ఉంటే ఆ ఏడు వారాలూ ఈస్టరు కోసం ఎదురుచూస్తూ పోయేవి. గుడ్ ఫ్రైడేకు ముందు సోమవారం ఆయన నిద్రలోనే వెళ్ళిపోయారు. 2025 ఏప్రిల్.

ప్రార్థనకు వచ్చి ఈస్టరు మాట చెప్పిన సహోదరులలో ఒకరు అంత్యక్రియల దగ్గర ఆమె చేయి పట్టుకొని ఏడ్చారు. ఆమె ఏమీ అనలేదు. ఈ సంగతి రాయవచ్చునా అని అడిగితే, పేరు లేకుండా రాయమంది.

అందరికీ ఇలా నిజం చెప్పి తీరాలని మేము అనడం లేదు. తెలుసుకోవడం ఇష్టంలేని పేషెంట్లూ ఉంటారు, అది వాళ్ళ హక్కు. ముందు వాళ్ళనే అడగాలి, మీ జబ్బు గురించి మీరు ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారని. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్న పేషెంటును తప్ప మిగిలినవాళ్ళందరినీ అడుగుతాము.

ఆయన పోయాక నెలరోజులు ఆమె గుంపుకు రాలేదు. ఆ మధ్యలో మేము ముందుకు పోకుండా, ఒకసారి త్వరగా దాటేసిన 20వ అధ్యాయానికి వెనక్కి వెళ్ళాము. అక్కడ యిర్మీయా తను పుట్టిన రోజునే శపిస్తాడు. దేవుణ్ణే నిలదీస్తాడు. మొదటిసారి చదివినప్పుడు మాలో కొందరు, ప్రవక్త అయి ఉండి ఇలా అనవచ్చా అన్నారు. రెండోసారి ఎవరూ అనలేదు. దిగులు జబ్బుతో వచ్చేవారికి విశ్వాసం తక్కువని చెప్పే పెద్దలకు ఈ అధ్యాయం చూపిస్తే చాలు. బ్రతకాలని లేదని ఎవరైనా అంటే తిట్టకండి, కూర్చోబెట్టి వినండి, ఒంటరిగా వదలకండి, వైద్యుడి దగ్గరకు తీసుకురండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

పగవారి మీద యిర్మీయా చేసే ప్రార్థనలు కొన్ని ఉన్నాయి, 18వ అధ్యాయం చివర. వాటిమీద మాత్రం మాకు ఇప్పటికీ ఒప్పందం లేదు. పాస్టరు గారు ఒకటి చెబుతారు, ల్యాబు అబ్బాయి ఒకటి చెబుతాడు. ఒక గురువారం వాదన తొమ్మిది దాకా సాగి, నైట్ సిస్టరు ఆలస్యంగా వెళ్ళి మాట పడింది. తప్పు మాది.

ఆమె తిరిగి వచ్చిన రోజున మేము చదివినది 38వ అధ్యాయం. యిర్మీయా మాటలు యోధుల చేతులు బలహీనం చేస్తున్నాయని అధికారులు కోపగించి, అతన్ని తాళ్ళతో ఒక గోతిలోకి దింపుతారు. నీళ్ళు లేవు, బురద. అతను బురదలో దిగిపోయాడు. రాజుగారి ఇంట్లో పనిచేసే ఎబెద్మెలెకు అనే కూషు దేశస్థుడు ఒక్కడే రాజు దగ్గరకు వెళ్ళి, ఆ మనిషి చచ్చిపోతాడని ధైర్యంగా చెప్పాడు. పరదేశి, నపుంసకుడు, సేవకుడు. రాజు 30 మందిని తీసుకువెళ్ళమన్నాడు. అతను నేరుగా గోతి దగ్గరకు పోలేదు. ముందు ఖజానా కింద గదికి వెళ్ళి పాత బట్టలు, చిరిగిన గుడ్డపేలికలు ఏరి తీసుకున్నాడు. వాటిని కిందికి దింపి, తాళ్ళు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమని చెప్పి, అప్పుడు లాగారు.

ఇన్ని ప్రసంగాలు విన్నాము, ఆ గుడ్డపేలికల గురించి ఎవరూ చెప్పగా వినలేదు. మేము నర్సులం కాబట్టి అక్కడే ఆగిపోయాము. బురదలో నానిన, తిండిలేక చిక్కిపోయిన ఒంటిమీద తాడు పడితే చర్మం ఊడి వస్తుంది. చంకలో నుండి చేతికి వెళ్ళే నరాలు ఉంటాయి, అవి నలిగితే చేయి పడిపోవచ్చు. ప్రాణం తీసేవాళ్ళు ఉన్న ఆ తొందరలో కూడా ఈ మనిషికి అది తోచింది. సీనియర్ సిస్టరు చాలా రోజుల తర్వాత నవ్వి, "ఈయన నర్సింగ్ చదివి ఉండాలి" అంది.

చంక కర్రలతో నడిచేవారు మా ఓపీకి చంకలు ఒరుసుకుపోయి వస్తూ ఉంటారు. కాలు తీసిన ఆ పెద్దాయనా అలాగే వచ్చేవాడు. కర్ర పైభాగం చంకకు ఆనకూడదు. రెండు మూడు వేళ్ళు పట్టేంత సందు ఉండాలి, బరువు అరచేతులమీద పడాలి, మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. చేతులు తిమ్మిరెక్కుతున్నా, వేళ్ళు జారిపోతున్నట్టు ఉన్నా వెంటనే చూపించుకోండి. కర్ర పైన మెత్తగా గుడ్డ చుట్టుకోవడం మంచిదే, కానీ గుడ్డ ఉంది కదా అని దానిమీద వేలాడకండి.

తర్వాతి వారం ఆమె ఒక సంచి పట్టుకొని వచ్చింది. ఇంట్లోని పాత నూలు చీరలు, ఆయన బనియన్లు, పంచెలు, అన్నీ ఉతికి మడతపెట్టి తెచ్చింది. వాటిని కత్తిరించి, దూది కూరి, చంక కర్రలకు మెత్తలు కుట్టాలంది. ఇప్పుడు చదివే గంటలో కుట్టడం వచ్చినవారు కుడుతూ వింటారు. ఇప్పటికి 31 కుట్టాము. ఫిజియోథెరపీ గదిలో బుట్టలో ఉన్నాయి, కావలసినవారు అడిగి తీసుకోండి, డబ్బులు లేవు.

మాకు ఇంకా ఎనిమిది అధ్యాయాలు ఉన్నాయి. వచ్చే గురువారం 45, బారూకు గురించి, ఐదే వచనాలు. పాత నూలు బట్టలు ఉంటే ఉతికి తెచ్చి చాపెల్ పక్క గదిలో ఇవ్వండి. సిల్కు, పాలిస్టరు వద్దు.